లైటు మొహాన కొట్టకూడదే

సెలవలకి ముందు కాలేజీలో మా ఫోటోగ్రఫీ సారు ఒక పని అప్పజెప్పారు. మీకు ఇన్‌స్పిరేషన్ అనిపించినవాళ్ళ పేర్లు ఓ అయిదు రాసుకురండి, ఫోటోగ్రాఫర్లయినా సరే సినిమా కెమెరామెన్ అయినా సరే, ఎందుకో కూడా రెండు లైన్లు రాయండి అన్నారు. నేను రాత్రి పదకొండున్నరకి హాస్టల్లో కూర్చుని, పక్క మంచం అమ్మాయి లైటు ఆపవే బాబూ అని గొణుగుతుంటే పది నిమిషాల్లో గీకి పడేశా. తెల్లారి చూస్తే క్లాసులో సగం మందివి అవే పేర్లు, అదే వరస, ఇద్దరివైతే నా లైన్లే (ముగ్గురం ఒకే సైటు చూశామన్నమాట). సారు తిట్టలేదు. కాగితం నా చేతిలో పెట్టి, "ఇది గూగుల్ లిస్టు తల్లీ, సెలవలయ్యాక నీది పట్రా" అన్నారు, అంతే.

నాది ఏంటో నాకు వెంటనే తట్టలేదు. వేసవి సెలవలకి రాయగడ వెళ్ళాక తట్టింది, అదీ మా మావయ్య స్టూడియోలో స్టూలు మీద కూర్చుని అరటికాయ బజ్జీ తింటుండగా.

రాయగడ తెలీనివాళ్ళకి ఒక ముక్క. పార్వతీపురం దాటి ఇంకాస్త పైకి వస్తే ఒడిశాలో మొదట తగిలే పెద్ద ఊరు మాదే. మజ్జిగౌరమ్మ గుడి, జేకేపూర్ పేపరు మిల్లు, నాగావళి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో కువి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, అందుకే హైదరాబాదులో ఫ్రెండ్సు "నీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చు" అని అడిగితే ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలీక "అలా వచ్చేసింది" అంటా.

మావయ్య స్టూడియో బస్టాండు వెనక సందులో ఉంటుంది. చేతులు రెండూ చాపితే అటు గోడా ఇటు గోడా తగులుతాయి, అంతే వెడల్పు. ఒక స్టూలు, నీలం తెర, తెల్ల తెర, అద్దం, పళ్ళు రెండు విరిగిన దువ్వెన, పౌడరు డబ్బా. మేకుకి ఒక నల్ల కోటు వేలాడుతుంటుంది, దానికి టై ముందే కుట్టేసి ఉంటుంది. ఊళ్ళో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టిన మగాళ్ళందరూ ఒకప్పుడు ఆ కోటులోనే పాస్‌పోర్ట్ ఫోటో దిగారు. సన్నవాళ్ళకి వదులైతే వెనక బట్టల క్లిప్పులు నాలుగు పెట్టి లాగుతాడు, ముందు నుంచి చూస్తే కలెక్టరే. నేను చిన్నప్పుడు ఆ కోటు వెనక్కి వెళ్ళి చూసి పడీ పడీ నవ్వేదాన్ని, ఇప్పుడనిపిస్తుంది నాకు ఫ్రేమ్ అంటే ఏంటో అర్థమైంది అక్కడే అని. కెమెరాకి కనపడేది ఒకటి, వెనక క్లిప్పులు నాలుగు.

ఆడవాళ్ళ ఫోటో అయితే అత్త వస్తుంది. కొంగు సర్దడం, బొట్టు దిద్దడం, నవ్వొద్దమ్మా పాస్‌పోర్ట్ ఫోటోకి అనడం అన్నీ తనే. మావయ్య తల కూడా ఎత్తకుండా బటన్ నొక్కి పక్కకి తప్పుకుంటాడు. కొండల్లోంచి వచ్చే ముసలమ్మలు మావయ్యతో ఒక్క మాటా ఆడరు, అత్తతో మాత్రం కోడళ్ళ సంగతులన్నీ చెప్పేసి వెళ్తారు. ఆ మధ్య క్లాసులో రాజా దీన్‌దయాళ్ గురించి చెప్పారు, నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసినాయన. ఆయన 1892లో హైదరాబాదులో పరదా ఆడవాళ్ళ కోసమే వేరే స్టూడియో తెరిచి, లోపల ఫోటోలు తియ్యడానికి ఒక ఇంగ్లీషావిడని పెట్టారట. అందరూ ప్యాలెస్ ఫోటోల గురించి మాట్లాడుతుంటే నాకు ఆ స్టూడియోనే బుర్రలో ఉండిపోయింది. ఆవిడ కూడా కొంగులు సర్దే ఉంటుంది, కోడళ్ళ సంగతులు వినే ఉంటుంది.

సరే అసలు సంగతికి వస్తా. మావయ్య స్టూడియోలో మూడు గోడలు ఏ రంగులో ఉన్నా ఒక గోడ మాత్రం ఎప్పుడూ తెల్లగా ఉంటుంది, ప్రతి ఏడూ దసరాకి సున్నం వేయిస్తాడు, దాని మీద క్యాలెండరు తగిలించనివ్వడు, చెయ్యి ఆనించనివ్వడు. వచ్చినవాళ్ళు ఆ గోడ ముందు నించుంటారని అనుకునేరు. కాదు, ఆ గోడకి ఎదురుగా కూర్చుంటారు. లైటు గోడ వైపు తిప్పి ఉంటుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మావయ్యా నీ లైటు తిరగబడి ఉంది అని నేనే వెళ్ళి తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "లైటు మొహాన కొట్టకూడదే అమ్మీ. గోడకి కొట్టాల. గోడ మెల్లగా ఇస్తాది."

ఇది ఆయనకి ఎవరూ నేర్పలేదు. రీళ్ళ రోజుల్లో, పెళ్ళిళ్ళకి యాషికా కెమెరా భుజానేసుకుని తిరిగేటప్పుడు (36 రీలులో 38 ఫోటోలు లాగడం అప్పట్లో పెద్ద టాలెంటు, ఆ రెండూ లాభం), హాలోజన్ లైటు పెడితే పెళ్ళికూతుళ్ళు కళ్ళు చికిలించడం, నుదురంతా చెమటకి నూనె రాసినట్టు మెరిసిపోవడం, వెనక గోడ మీద ఇంత నల్ల నీడ పడడం. ఒక పెళ్ళిలో అమ్మాయి తండ్రి గొడవ పెట్టాడట, మా పిల్ల ఇంత నల్లగా ఉందా, డబ్బులివ్వను అని. ఆ తర్వాత పెళ్ళికి మావయ్య దండెం మీద ఆరేసిన తెల్ల పంచె ఒకటి లాక్కుని లైటుకి మూరెడు దూరంలో అడ్డం కట్టాడు. మరీ దగ్గరగా కట్టి ఒక పంచె కాల్చేశాడు కూడా, ఆ పంచె మా తాతది, ఆ కథ ఇప్పటికీ పండక్కి పండక్కి చెప్పుకుంటారు.

ఇప్పుడు సుబ్రతో మిత్రా దగ్గరకి రండి, సత్యజిత్ రాయ్ సినిమాల కెమెరామన్.

"పథేర్ పాంచాలీ" మొదలయ్యేటప్పటికి ఈయనకి 21 ఏళ్ళు, అప్పటిదాకా సినిమా కెమెరా ముట్టుకున్న మనిషే కాదు. అంతకు ముందు ఫ్రాన్సు నుంచి డైరెక్టరు రెన్వార్ వచ్చి బెంగాల్లో సినిమా తీస్తుంటే రోజూ వెళ్ళి పక్కన నించుని, లైట్లు ఎక్కడ పెట్టారు, మనుషులు ఎక్కడ నించున్నారు అని బొమ్మలు గీసుకుని నోట్సు రాసుకునేవాడు, చివరికి ఆ సినిమా కెమెరామనే ఒకసారి ఈ కుర్రాడి నోట్సు అడిగి చూసుకున్నాడని చెప్తారు. అదే పెద్ద కథ. కానీ నన్ను కుర్చీలోంచి లేపింది తర్వాతది. 1956 "అపరాజితో"లో కాశీలో ఒక ఇల్లు ఉంటుంది చూడండి, మధ్యలో వాకిలి, పైన ఆకాశం, చుట్టూ వరండాలు. అది నిజం ఇల్లు కాదు, వానలొస్తే షూటింగు ఆగిపోతుందన్న భయానికి కలకత్తాలో స్టూడియో లోపల వేసిన సెట్టు, బన్సీ చంద్రగుప్త వేశారు. ఇప్పుడు చిక్కేంటంటే అలాంటి వాకిట్లోకి వెలుగు పైనున్న ఆకాశం ముక్కలోంచి వస్తుంది, అంతటా ఒకేలా పరుచుకుంటుంది, నీడలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. స్టూడియో లైట్లు నేరుగా పెడితే ఒక్కో మనిషికి మూడేసి నీడలు. అప్పట్లో అందరూ అలాగే పెట్టేవాళ్ళు, అలాగే చెల్లిపోయేది. మిత్రా ఒప్పుకోలేదు. సెట్టు పైన ఆకాశం ఉండాల్సిన చోట పెద్ద తెల్ల గుడ్డ బిగించి కట్టించి, లైట్లు కింద పెట్టి ఆ గుడ్డకేసి కొట్టించాడు. గుడ్డ మీద పడిన వెలుగు మెల్లగా వాకిట్లోకి దిగింది. అంతే, చూసినవాళ్ళు అది కాశీలో తీశారనే అనుకున్నారు.

క్లాసులో ఈ మాట వినేసరికి నేను పైకే నవ్వేశా. సారు ఏంటమ్మా అంటే ఏం లేదు సార్ అన్నా. బ్రేకులో మావయ్యకి ఫోన్ చేసి ఇలా బెంగాల్లో ఒకాయన ఎప్పుడో 56లోనే గుడ్డ కట్టి లైటు దానికి కొట్టాడట అని ఊపిరి తీసుకోకుండా చెప్తే, అంతా విని, "పంచేనేటి?" అన్నాడు. పంచె కాదులే మావయ్యా, పెద్ద గుడ్డ. "మరి కాలిపోలేదా?" కాలలేదు. "ఓహో, లైట్లు దూరం పెట్టుంటాడు" అని ఇంకో కస్టమరు వచ్చాడని పెట్టేశాడు. నాలుగేళ్ళ కోర్సులో సగం ఆ ఒక్క ఫోన్‌లో అయిపోయింది నా దృష్టిలో.

ఆ పిచ్చి పట్టాక ఇంక ప్రతి సినిమాలోనూ కథ వదిలేసి వెలుగు ఎటునుంచి వస్తోందో చూడడం మొదలైంది, నాతో సినిమాకి రావడానికి ఎవరూ ఇష్టపడట్లేదు. "మాయాబజార్" చిన్నప్పుడు టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, పడవ పాటలో వెన్నెల చూసి అదేదో పున్నమి రాత్రి తీశారనుకునేదాన్ని. అంత వెన్నెల ఆ రోజుల ఫిల్ముకి ఎక్కడ ఆనుతుంది, అది కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారు వండిన వెన్నెల. 1957లో. నీళ్ళ మీద తళుకు ఒక రకంగా, మొహాల మీద ఇంకో రకంగా, మొహం మీద పడేది మరీ మెత్తగా. మా అమ్మమ్మ ఆ పాటకి టీవీ ముందు వంట గిన్నె పట్టుకుని అలా నించుండిపోయేది. 2010లో దానికి రంగులేసి మళ్ళీ వదిలారు. కష్టపడ్డారు, కాదనను, కానీ నాకైతే ఆ రంగుల్లో వెన్నెల మాయమైపోయింది. నలుపు తెలుపులో వెన్నెల అనేది బూడిద రంగుల మధ్య తేడా, అంతే, దానికి నీలం పూస్తే అది నీలం అవుతుంది గానీ వెన్నెల అవదు. ఇలా అన్నందుకు మా ఇంట్లోనే నాతో వాదించేవాళ్ళున్నారు.

వి.కె. మూర్తి గారిది కూడా ఇలాంటిదే. 1959 "కాగజ్ కే ఫూల్", మన దేశంలో మొదటి సినిమాస్కోప్ సినిమా, అందులో ఖాళీ స్టూడియోలోకి పైనుంచి ఒక వెలుగు స్తంభం దిగుతుంది, దాని అటూ ఇటూ ఇద్దరు. అది లైటు కాదు, ఎండ. బయటి ఎండని అద్దాలతో పట్టి లోపలికి తిప్పారు. తర్వాత దాదాసాహెబ్ ఫాల్కే వచ్చిన మొదటి కెమెరామన్ ఈయనే. ఇది చూసి నేను కూడా స్టూడియోలో మావయ్య అద్దం పట్టుకుని గుమ్మంలోంచి ఎండ లోపలికి తిప్పుతుంటే ఎదురుగా టీకొట్టాయన కళ్ళలో పడి తిట్లు తిన్నా.

కుబ్రిక్ "బారీ లిండన్" గురించి ఫోటోగ్రఫీ పిల్లలెవర్ని అడిగినా మొదలెడతారు, 1975, కొవ్వొత్తుల వెలుగులో తీసిన సీన్లు, నాసా కోసం జైస్ వాళ్ళు తయారుచేసిన ఎఫ్/0.7 లెన్సు (ఈ అంకె ఎంత తగ్గితే లెన్సు అంత ఎక్కువ వెలుగు పడుతుంది, ఫోకస్ అంత సన్నబడుతుంది), అన్నీ నిజాలే. నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ, 50 ఎంఎం ఎఫ్/1.8. మా ఊళ్ళో మేలో కరెంటు పోతే కొవ్వొత్తులకి కొదవ లేదు కదా అని అత్తని కూర్చోబెట్టి ట్రై చేశా. ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ ఎంత సన్నగా ఉంటుందంటే ముక్కు మీద పెడితే కళ్ళు పోతాయి, కళ్ళ మీద పెడితే అత్త ఊపిరి తీసుకుంటే పోతుంది. అరగంటకి 60 ఫోటోలు, ఒక్కటి పనికొచ్చింది, అందులో అత్త విసుక్కుంటోంది. అదే బాగుంది. 0.7 దగ్గర ఆ నటులు ఎంత కదలకుండా కూర్చుని ఉంటారో అప్పుడు తెలిసొచ్చింది.

ఇంకో పేరు చెప్తా, ఇది క్లాసులో ఎవరి లిస్టులోనూ లేదు. ఎ.కె. బీర్. మా ఒడిశా మనిషే. 22 ఏళ్ళకే "27 డౌన్" సినిమాకి కెమెరా పట్టాడు, 1974లో వచ్చింది, దానికి నేషనల్ అవార్డు. బొంబాయి రైళ్ళు, ప్లాట్‌ఫారాలు, జనం, చాలావరకు కెమెరా చేత్తో పట్టుకునే. నలుపు తెలుపు. వీటీ స్టేషన్లో జనం రైలు దిగి ఒక్కసారిగా ఇసకలా పారతారు, చూస్తే ఇది సినిమా కోసం తెచ్చిన జనం కాదని తెలిసిపోతుంది. నేను రాయగడ స్టేషన్ పక్కన పెరిగినదాన్ని, హిరాఖండ్ వచ్చే టైముకి నాన్న రోజూ గడియారం సరిచేసుకునేవారు, అలాంటిది నాకు రైలు ఫోటో తియ్యాలన్న బుద్ధి పుట్టడానికి హైదరాబాదులో ఒక ప్రొజెక్టరు కావాల్సొచ్చింది. పోయిన సెమిస్టర్ ఆ ఊపులో విజయనగరం ప్యాసింజర్‌లో కూర్చుని, ఐఎస్ఓ (చీకట్లో కెమెరాకి వెలుగు అందే జోరు) పెంచితే ఫోటోలో గ్రెయిన్, అంటే ఇసక చుక్కలు వస్తాయని పెంచకుండా, షటర్ సెకనులో పదిహేనో వంతు పెట్టి, బీర్ గారిలాగే చేత్తో అని ఫీలైపోయి నాలుగు స్టేషన్ల పాటు తీశా. ఇంటికొచ్చి చూస్తే మొత్తం జావ. కిటికీ ఊచలు కూడా జావ. ఆయన చెయ్యి వేరు, నా చెయ్యి వేరు, మధ్యలో ఆయన చదివిన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

ఇంక ఫోటోలు. ఫ్రెంచి ఫోటోగ్రాఫరు కార్టియే బ్రెసాఁ పేరు గూగుల్ లిస్టులో మొదటిదే, కొత్త లిస్టులో లేకపోయినా ఆయన్ని మనసులోంచి తీసెయ్యను, కారణం మార్చుకున్నానంతే. మొదట అందరిలాగే ఆ నీళ్ళగుంట దాటే మనిషి ఫోటో గురించి రాశా. ఇప్పుడు అడిగితే నల్ల టేపు గురించి చెప్తా. లైకా కెమెరా మీద వెండి రంగు మెరుస్తుంటే జనం చూస్తారని దానికి నల్ల టేపు చుట్టేసేవాడట. ఎదుటి మనిషికి తన కెమెరా మెరుపు కూడా తగలకూడదని. ఇంకోటి, 1950 ఏప్రిల్ 14 రాత్రి తిరువణ్ణామలైలో రమణ మహర్షి పోయినప్పుడు బ్రెసాఁ ఆ ఆశ్రమం దగ్గరే ఉన్నాడు. ఆ క్షణానే ఆకాశంలో ఒక చుక్క మెల్లగా అరుణాచలం వైపు జారిపోవడం చూశానని ఆయనే చెప్పాడు. గాంధీ గారు పోయిన రోజు కూడా అంతకు కాసేపటి ముందే ఫోటోలు తీసి బయటికొచ్చాడు. లోకంలో అందరికంటే సరైన టైముకి బటన్ నొక్కే మనిషి, ఆ చుక్కని కళ్ళతో చూశాడు. నాకు ఆ సంగతి చాలా ఇష్టం, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

హొమాయ్ వ్యారావాలా గారి గురించి ఒక్క ముక్క, లేకపోతే అమ్మాయిగా నాకు పాపం తగులుతుంది. మన దేశంలో మొదటి లేడీ ప్రెస్ ఫోటోగ్రాఫరు. చీర కట్టుకుని, బరువు కెమెరా మోసుకుంటూ ఢిల్లీలో అంతమంది మగాళ్ళ మధ్య. ఫోటోల కింద "డాల్డా 13" అని పేరు వేసుకునేవారు, పుట్టింది 1913, మొగుణ్ణి కలిసింది 13 ఏళ్ళప్పుడు, కారు నంబరు డీఎల్డీ 13. 1970లో ఫోటోగ్రాఫర్ల తీరు నచ్చక కెమెరా పక్కన పెట్టేశారు, మళ్ళీ ముట్టుకోలేదు. ఆ తీరు అంటే ఏంటో నాకు చాటికోనలో అర్థమైంది.

చాటికోన బిసంకటక్ దగ్గర. బుధవారం సంత. నియంగిరి కొండల మీంచి డొంగ్రియా కొంధులనే గిరిజనులు దిగుతారు, పసుపు, పనస, అరటి, చీపుర్లు, ఏ కాలానికి ఏది ఉంటే అది. ఆడవాళ్ళ జుట్టులో పదేసి పిన్నులు, ముక్కుకి మూడు రింగులు, భుజం మీద ఎర్ర దారం పసుప్పచ్చ దారంతో త్రిభుజాలు కుట్టిన కప్డాగొండా శాలువా. ఫోటోగ్రాఫరన్నవాడు ఎవడొచ్చినా వెర్రెత్తిపోతాడు. 2013లో నియంగిరి మీద గని వద్దని 12 గ్రామసభలూ తీర్మానం చేసినప్పటి నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా, వాళ్ళని తీసినన్ని ఫోటోలు మా జిల్లాలో ఇంకెవర్నీ తీసుండరు. నేను రాయగడలో పుట్టి పెరిగి, మే నెలలో ఆ బుధవారం వెళ్ళేదాకా ఆ సంతకి కెమెరాతో వెళ్ళలేదు. వెళ్ళా. పసుపు కొమ్ములు కుప్ప పోసుకుని ఒకావిడ కూర్చుంది, అమ్మమ్మ వయసు. పొద్దున్న ఎనిమిది, వెనక టార్పాలిన్ మీద పడి ఎండ మెత్తగా ఆవిడ చెంప మీదకొస్తోంది. గోడకి కొట్టిన లైటే. నేను ఏం ఆలోచించలేదు, మాట కూడా ఆడకుండా కెమెరా ఎత్తేశా.

ఆవిడ శాలువా అంచు పట్టుకుని మొహానికి అడ్డం లాక్కుంది. కోపంగా కాదు. ఈగని తోలుకున్నట్టు, అలవాటుగా. పక్కనున్న చిన్నావిడ చెయ్యి చాపి "పొయిసా" అంది, అది కూడా అలవాటుగానే. అప్పుడే అటు పక్క పొడుగు లెన్సు పెట్టుకున్న ఇద్దరు మగాళ్ళు ఇంకో అమ్మాయి మొహానికి జానెడు దూరంలో ఫ్లాష్ కొడుతున్నారు, పగలు ఎనిమిదింటికి, ఎండలో. వాళ్ళనీ నన్నూ చూసినవాళ్ళకి తేడా ఏం కనపడుంటుంది? లెన్సు పొడుగులో తేడా, అంతే.

అమెరికాలో డొరోథియా లాంగ్ తీసిన ఫోటో ఉంది కదా, వలస తల్లి, నుదుటి మీద గీతలు, అటూ ఇటూ పిల్లలు మొహాలు దాచుకుని. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల గుడారాల దగ్గర తీసింది, మా ప్రాంతం ఒడిశాలో కలవడానికి నెల ముందు. కొన్ని ఫోటోలు తీసి వెళ్ళిపోయింది, పేరు కూడా అడగలేదని ఆవిడే రాసుకుంది. లోకమంతా ఆ మొహం తెలుసు, ఆ మొహం ఎవరిదో 1978 దాకా తెలీదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, చెరోకీ తెగ మనిషి. నాకు దాన్నుంచి ఒక్క పైసా రాలేదు, తియ్యకపోయుంటే బాగుండేది అన్నట్టు మాట్లాడింది దొరికాక. ఆ ఫోటో వల్ల ఆ క్యాంపుకి తిండి వచ్చిందన్నదీ నిజమే, అప్పటికి ఆవిడ కుటుంబం అక్కణ్ణించి వెళ్ళిపోయిందన్నదీ నిజమే. నేను ఈ ఫోటోని నా గూగుల్ లిస్టులో మూడో నంబరు రాశా, "బాధని పట్టుకున్న తీరు" అని. చాటికోనలో నించుని ఆ లైను గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

కెమెరా సంచిలో పెట్టేసి, కింద కూర్చుని, పసుపు ఎంత అని ఒడియాలో అడిగా. ఆవిడకి ఒడియా అంతంత మాత్రం, పక్కనున్న కుర్రాడు మధ్యలో చెప్పాడు. బేరం ఆడలేదు, ఆవిడే ఆశ్చర్యపోయి ఒక గుప్పెడు ఎక్కువ వేసింది. ఎవరి పిల్లవి అంది. రాయగడ, ఫోటో స్టూడియో అని చెప్తే కుర్రాడు ఏదో అన్నాడు, ఆవిడ పకపకా నవ్వి నల్ల కోటు వేసుకుంటున్నట్టు భుజాలు కదిపి చూపించింది. వాళ్ళ మనవడో ఎవరో మావయ్య కోటులో ఫోటో దిగాడన్నమాట! అప్పుడైనా అడగొచ్చు, అమ్మమ్మా ఒక ఫోటో తీసుకోనా అని. నోటిదాకా వచ్చింది. ఆవిడ నవ్వుతోంది, వెలుగు ఇంకా అలాగే ఉంది. అడిగితే ఒప్పుకునేది కూడానేమో. పసుపు కొనుక్కున్నందుకు ఇచ్చిన ఫోటోలా ఉంటుందనిపించి అడగలేదు. ఇది మంచి పనో పిరికితనమో నాకు ఇప్పటికీ తేలలేదు, మా క్లాసులో చెప్తే పిరికితనమే అని ఇద్దరన్నారు.

సాయంత్రం మావయ్యకి చెప్తే ఏం అనలేదు. కోటు దులిపి మేకుకి తగిలిస్తూ, "ఫ్లాష్ కొట్టారా, ఆ మొహాన?" అన్నాడు. ఆ. "ఛీ" అన్నాడు.

కాలేజీ తెరిచే ముందు రోజు బ్యాగు సర్దుతుంటే మావయ్య పాత పంచె ఒకటి మడిచి తెచ్చిచ్చాడు. హాస్టల్లో గోడలన్నీ ఆకుపచ్చ రంగు అని నేనెప్పుడో అన్నా, అలాంటి గోడకి లైటు కొడితే మొహాలన్నీ కామెర్ల రోగం వచ్చినట్టొస్తాయి, అది ఆయన గుర్తు పెట్టుకున్నాడు. అమ్మ ఆ పసుపు కొమ్ములు మరలో పట్టించి పొడి ఒక కవర్లో పోసి పైన పడేసింది. విజయనగరంలో రైలు మారే తొక్కిసలాటలో కవరు చిరిగింది. హైదరాబాదులో దిగి చూసుకుంటే పంచె మధ్యలో ఇంత పసుపు మరక. ఉతికా. రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికా, నానబెట్టా. కొండ పసుపు, పోలేదు.

సారుకి కొత్త లిస్టు ఇచ్చా. మిత్రా, బార్ట్‌లీ, బీర్, హొమాయ్ గారు, అయిదోది "మా మావయ్య" అని రాశా, పేరు రాయలేదు. సారు చదివి పక్కన పెట్టి, ఈ నెల తీసిన పోర్ట్రెయిట్లు చూపించమన్నారు. హాస్టల్ అమ్మాయిలవి ఓ పన్నెండు ప్రింట్లు, అన్నీ ఆ పంచె కిటికీకి కట్టి తీసినవి. ఒక్కొక్కటీ చూస్తూ, అయిదారు తిప్పాక ఆగి కళ్ళజోడు పైకి జరిపారు.

"వెలుగు బాగుంది గానీ, అన్నిట్లోనూ కొద్దిగా పసుపు కొడుతోంది. వైట్ బ్యాలెన్స్ చూసుకోలేదా?"

చూసుకున్నాను సార్ అన్నా.